తిరుపతి ఎండల్లో ఔషధ మొక్కల టిష్యూ కల్చర్: తరచుగా అడిగే ప్రశ్నలు

చంద్రగిరి రోడ్డులో మాది చిన్న ల్యాబు, మిద్దె మీద రెండు గదులు, వెనకాల ఒక షేడ్‌నెట్, అంతే. వారానికి పది ఫోన్లు వస్తాయి, అన్నీ ఇంచుమించు ఇవే ప్రశ్నలు, ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెప్పీ చెప్పీ గొంతు పోతా ఉంది, అందుకని ఇక్కడ రాసి పెడతా ఉన్నా. చదివినాక కూడా అర్థం కాకపోతే అప్పుడు అడగండి, విసుక్కోను.

టిష్యూ కల్చర్ అంటే ఏంది సామీ? అరటికి చేస్తారే, అదేనా?

అదే. జీ-9 అరటి మొక్కలు ట్రేల్లో తెచ్చుకుంటారు కదా, అవి వచ్చే దారి ఇదే. మొక్కలో చిన్న ముక్క, ఎక్కువగా కణుపు దగ్గరుండే మొగ్గ, తీసి బాగా కడిగి, చక్కెరా ఉప్పులూ హార్మోన్లూ కలిపిన జెల్లీలో సీసాలో పెడితే అది పిలకలు వేస్తుంది, ఆ పిలకల్ని విడదీసి మళ్ళీ కొత్త సీసాల్లో పెడితే అవి మళ్ళీ వేస్తాయి. మొక్కలో ఒక్కో కణానికీ మొత్తం మొక్కగా మారే శక్తి ఉంటుందని 1902లో హేబర్లాంట్ అనే ఆస్ట్రియా శాస్త్రవేత్త అన్నాడు, ఆయన చేతిలో మాత్రం కణాలు విభజన చెందలేదు పాపం. ఇప్పుడు మనం వాడే ఎంఎస్ మీడియం, అంటే ఆ జెల్లీ వంటకం, 1962లో మురాషిగే, స్కూగ్ ఇద్దరూ పొగాకు కోసం తయారుచేసింది. పొగాకుకి వండిన కూడు ఇన్నేళ్ళుగా మన సర్పగంధికి కూడా పెడతా ఉన్నాం, అదీ గమ్మున తింటా ఉంది.

ఏ మందు మొక్కకైనా చేయచ్చా?

చేయచ్చు. చేయాలా అనేది వేరే మాట. మొన్న ఒకాయన పాకాల నుంచి వచ్చి తులసికి చేయాలన్నాడు. తులసి గింజలు చిటికెడు చల్లితే మడి నిండా వస్తుంది, దానికి ఏసీ గది ఎందుకన్నా అంటే నవ్వినాడు. నేలవేము, నేల ఉసిరి కూడా గింజతోనే చక్కగా వస్తాయి. సరస్వతి ఆకు, నీరుబ్రాహ్మి అయితే తీగ ముక్క తడి మట్టిలో పడితే చాలు, వద్దన్నా వేరు పోసుకుంటాయి. పిప్పలి కొమ్మ కత్తిరించి నాటుకోవచ్చు. కలబంద పిలకలు పక్కనే పెడుతుంది, కాకపోతే ఒకే రకం మొక్కలు ఒకేసారి వేలల్లో కావాలంటే అప్పుడు ల్యాబు అర్థం ఉంది.

మరి దేనికి చేయాలంటే, గింజ సరిగ్గా మొలవనివి, తల్లి మొక్కలు కొన్నే మిగిలినవి, తవ్వితేనే పనికొచ్చేవి. సర్పగంధి గింజకి రాయిలాంటి పెంకు ఉంటుంది, చల్లినదాంట్లో సగం మొలిస్తే పండగే. మారెడు గడ్డలు ఇంకో ఉదాహరణ. శివుడికి పెట్టే మారేడు కాదు, మన పక్క ఊరగాయ పెట్టుకునే గడ్డలు, ఎండాకాలం నన్నారి షర్బత్‌కి వాడేవి. సుగంధిపాల వేరుని కూడా నన్నారే అంటారు, అది సన్న వేరు తీగ, ఇది లావు గడ్డ, రెండూ వేరు వేరు మొక్కలు. గడ్డ ఊరడానికి ఏళ్ళు పడుతుంది, తవ్వితే తీగ పోతుంది, అడవిలోంచి మూటలు మూటలుగా తీసి తీసి ఇప్పుడు అది అంతరించే ప్రమాదం ఉన్న మొక్కల లెక్కలో చేరింది. ఇట్లాంటి వాటికి సీసా పని నిజంగా పని.

పసుపు, అల్లంలో కూడా దుంప కుళ్ళు లేని విత్తనం కోసం చేస్తారు, కానీ మొదటి సంవత్సరం దుంప చిన్నగానే వస్తుంది, దాన్ని రెండో సంవత్సరం విత్తనంగా వేస్తేనే అసలు దిగుబడి. ఈ మాట ముందే చెప్పకపోతే రైతు మోసపోయినా అనుకుంటాడు.

ఎర్రచందనం?

ఇది రోజూ వచ్చే ప్రశ్న. కొత్తగా మొలిచిన మొలకనుంచి ముక్క తీసి పెడితే పిలకలు వస్తాయి, ఎన్నో ల్యాబుల్లో వచ్చినాయి. కానీ ఆలోచించండి, ఆ మొలక పెద్ద చెట్టయినాక చేవ ఎట్లా ఉంటుందో ఎవరికి తెలుసు? చేవ బాగుందని తెలిసిన ముసలి చెట్టునుంచి తీద్దామంటే, పెట్టిన ముక్క మూడు రోజుల్లో నల్లబడి జెల్లీ మొత్తం టీ డికాక్షన్ రంగుకి తిరుగుతుంది. మంచి చెట్టు మాట వినదు, మాట వినే మొలక మంచిదో కాదో తెలీదు. పైగా చేవ పట్టడానికి దశాబ్దాలు, సొంత పొలంలో చెట్టయినా కొట్టడానికీ తరలించడానికీ అటవీ శాఖ అనుమతి కావాలి. తొందరగా డబ్బులు అనుకునేవాళ్ళు దీని జోలికి పోవద్దు.

శేషాచలం అడవిలోంచి తల్లి మొక్క తెచ్చుకోవచ్చా? ఒక్క కొమ్మే కదా.

వద్దు. ఒక్క కొమ్మయినా సరే. అందులో కొంత భాగం శ్రీ వేంకటేశ్వర జాతీయ పార్కు, శేషాచలాన్ని 2010లో బయోస్ఫియర్ రిజర్వుగా కూడా ప్రకటించినారు. కొండ సాంబ్రాణి, సైకస్ బెడ్డోమీ లాంటివి ఈ కొండలూ చుట్టుపక్కలా తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా అడవిలో పెరగవు, ఆ సైకస్ అయితే పాత వన్యప్రాణి చట్టం షెడ్యూల్లో ఉన్న ఆరే ఆరు మొక్కల్లో ఒకటి. అటవీ శాఖ అనుమతి, జీవవైవిధ్య బోర్డు కాగితం ఉన్న సంస్థలు చేస్తాయి ఆ పని. మనం నర్సరీలోనో, సాగు చేసే రైతు దగ్గరో, రకం తెలిసిన మొక్క కొనుక్కుని రసీదు దాచుకోవాలి. ఆ రసీదు తర్వాత మొక్కలు అమ్మేటప్పుడు కూడా అడుగుతారు.

ముక్క కడగడం ఎట్లా? ఎంత కడిగినా బూజు వస్తా ఉంది.

ముందు ఎప్పుడు కోసినారో చెప్పండి. నవంబర్లో వాన తడిలో కోసిన కొమ్మకి ఎంత కడిగినా బూజు పోదు, ఎండాకాలం మొదట్లో కొత్త చిగురు వచ్చినప్పుడు కోసింది సులభంగా శుభ్రమవుతుంది. మేమేం చేస్తామంటే తల్లి మొక్కని ముందే కుండీలో పెట్టి షేడ్ కింద ఉంచి, నెల రోజులు ఆకుల మీద నీళ్ళు పడకుండా మొదలు దగ్గరే పోస్తాం, వారానికోసారి బావిస్టిన్ అనే బూజు మందు కొడతాం. సగం కడగడం అక్కడే అయిపోయింది.

కోసినాక కొళాయి కింద అరగంట, సబ్బు నీళ్ళలో ఐదు నిమిషాలు, ఆ తర్వాత లామినార్ (వడకట్టిన గాలి వీచే పెట్టె) లోపల 70 శాతం స్పిరిట్‌లో అర నిమిషం, ఆపైన బ్లీచ్ నీళ్ళలో పదీ పదిహేను నిమిషాలు, చివర్లో ఆటోక్లేవ్ చేసిన, అంటే ఆవిరి ఒత్తిడిలో ఉడికించిన, నీళ్ళతో నాలుగైదుసార్లు. చాలామంది మెర్క్యురిక్ క్లోరైడ్ వాడతారు, 0.1 శాతం, మూడు నుంచి ఐదు నిమిషాలు. బాగా పనిచేస్తుంది కానీ అది పాదరసం విషం, ఆ నీళ్ళు యాడ పారబోస్తారు? డ్రైనేజీలో పోసేవాళ్ళని నేను చూసినా. కొత్తవాళ్ళు బ్లీచ్‌తోనే నేర్చుకోండి.

సీసాలో ఏం వచ్చిందో చూసి తప్పు యాడ జరిగిందో చెప్పచ్చు. రెండు మూడు రోజుల్లో ముక్క అడుగున గంజి లాగా తెల్లగా జారితే బ్యాక్టీరియా, సరిగ్గా కడగలేదు. వారానికి దూదిలాగా లేస్తే బూజు, జెల్లీ మీద ముక్కకి దూరంగా మొదలైతే మీ చేయో గాలో కారణం. మూడు నెలలు శుభ్రంగా ఉండి అప్పుడు తెల్లగా వస్తే అది మొక్క లోపలే దాక్కున్న బ్యాక్టీరియా, అట్లాంటి వరస మొత్తం తీసేయండి, మొహమాటం వద్దు. ఇంకోటి, బూజు పట్టిన సీసా మూత తెరవద్దు, మూతతోనే కుక్కర్‌లో ఉడికించి అప్పుడు కడగండి.

చీమలు వస్తా ఉన్నాయి, నవ్వద్దు.

నవ్వను, మాకూ వచ్చినాయి. లీటరు మీడియంలో 30 గ్రాముల చక్కెర ఉంటుంది, చీమకి ఇంకేం కావాలి? మూత రోంత వదులుగా ఉన్న సీసాలోకి దూరి, కాళ్ళకి బూజు అంటించుకుని పక్క సీసాకి పోతాయి. ఒక రోజు పొద్దున్న చూస్తే కింద అరలో సీసాలో జెల్లీ మీద చుక్క చుక్కగా వరసలో బూజు, ఎవరో చిన్న పాదాలతో నడిచిపోయినట్టు. అది చీమ కాదు, మైట్, కంటికి కనపడనంత చిన్న పురుగు. ఆ అర మొత్తం, దగ్గర దగ్గర రెండు వందల సీసాలు, ఉడికించి పారేసినాం.

మందు కొట్టి లాభం లేదు. మా అవ్వ లడ్డూల డబ్బా నీళ్ళ పళ్ళెంలో పెట్టేది కదా, అట్లాగే ర్యాకు కాళ్ళ కింద గిన్నెలు పెట్టి పాత ఇంజిన్ ఆయిల్ పోసినాం, మూతల చుట్టూ క్లింగ్ ఫిల్మ్ చుట్టినాం, తోటలో పనిచేసినవాళ్ళు స్నానం చేసి బట్టలు మార్చుకోకుండా లోపలికి రాకూడదని పెట్టుకున్నాం. మైట్ మనుషుల మీదే వస్తుంది మరి.

మీడియం ఖర్చు తగ్గించే దారి ఉందా?

ఉంది. ల్యాబు సుక్రోజ్ బదులు అంగట్లో దొరికే తెల్ల చక్కెర చాలా మొక్కలకి సరిపోతుంది. జెల్లీని గడ్డకట్టించే అగర్ బదులు సగ్గుబియ్యం పిండి, ఇసబ్‌గోల్ వాడేవాళ్ళున్నారు, కాకపోతే గట్టిదనం ఒక్కోసారి ఒక్కోలా వస్తుంది, సీసా వంచితే జారిపోతుంది. మేము సగం అగర్, సగం సగ్గుబియ్యం కలిపి చూసినాం, మళ్ళీ అగర్‌కే వచ్చినాం. నీళ్ళ దగ్గర మాత్రం పిసినారితనం వద్దు, మన బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ, ఆర్ఓ నీళ్ళయినా వాడండి, డిస్టిల్డ్ అయితే ఇంకా మంచిది. పీహెచ్ 5.8 దగ్గర పెట్టాలి, తగ్గితే అగర్ గడ్డకట్టదు.

ఆటోక్లేవ్ లేకపోతే ఇంట్లో పెద్ద ప్రెషర్ కుక్కర్ చాలు, 15 పౌండ్ల ఒత్తిడిలో 121 డిగ్రీలు వస్తుంది, వెయిట్ లేచినాక సెగ తగ్గించి ఇరవై నిమిషాలు.

హార్మోన్లకి సూత్రం చిన్నది. సైటోకైనిన్ ఎక్కువైతే పిలకలు, ఆక్సిన్ ఎక్కువైతే వేర్లు, ఇది స్కూగ్, మిల్లర్ 1957లో చూపించినారు. పిలకలకి బీఏపీ అనే సైటోకైనిన్ లీటరుకి ఒక మిల్లీగ్రాము దగ్గర మొదలుపెట్టండి, వేర్లకి ఉప్పులు సగం చేసిన ఎంఎస్‌లో ఐబీఏ అనే ఆక్సిన్. బీఏపీ ఎక్కువ వేస్తే ఎక్కువ పిలకలు వస్తాయని ఐదు, పది మిల్లీగ్రాములు వేస్తారు కొందరు. పిలకలు వస్తాయి, కానీ గాజు ముక్కల్లాగా నీళ్ళు నిండి, ముట్టుకుంటే విరిగిపోయేలా వస్తాయి, వాటికి వేర్లూ రావు, బయట బతకవు కూడా.

ఒక్క మొక్కనుంచి లక్ష అంటారు, నిజమేనా?

కాగితం మీద నిజం. నెలకి మూడింతలు అనుకుంటే ఒక్క మొగ్గ ఆరు నెలలకి 729. పది మొగ్గలతో మొదలుపెడితే 7,290. ఇంకో మూడు నెలలు ఆగితే దాదాపు రెండు లక్షలు. ఇక దీంట్లోంచి బూజుకి పోయేవి, వేరు రానివి, బయట చచ్చేవి తీసేయండి, అప్పుడు అసలు లెక్క. అట్లాగని ఒకే వరసని ఏళ్ళ తరబడి సబ్‌కల్చర్ చేస్తా, అంటే విడదీసి కొత్త సీసాల్లోకి మారుస్తా, పోకూడదు, ఎనిమిది, పది సార్లకి ఆపి మళ్ళీ తల్లి మొక్కనుంచి కొత్తగా మొదలుపెట్టాలి, లేకపోతే తేడా మొక్కలు వస్తాయి. ముక్క గడ్డలాగా కేలస్ కట్టి దానినుంచి వచ్చే మొక్కల్లో ఈ తేడా ఇంకా ఎక్కువ, అందుకే అమ్మే మొక్కలు మొగ్గనుంచే తీయాలి.

మందు గుణం తగ్గదా?

మొగ్గనుంచి తీసిన మొక్క తల్లికి నకలే, తల్లిలో ఉంటే దీంట్లోనూ ఉంటుంది. కాకపోతే గుణం జన్యువుల్లోనే లేదు, వయసులో, నేలలో, నీటి ఎద్దడిలో కూడా ఉంది. సర్పగంధిలో మందు పదార్థం రిసర్పిన్ వేరులో ఉంటుంది, పద్దెనిమిది నెలలయినా నేలలో ఉండాలి. సీసాలో మూడు అంగుళాల మొక్కని నలిపి కషాయం కాస్తే రాదు. అందుకే తల్లి మొక్కని ఎంచుకునేటప్పుడే వేరో ఆకో పరీక్ష చేయించి మొదలుపెట్టాలి. తక్కువ గుణమున్న తల్లికి లక్ష నకళ్ళు తీస్తే లక్ష తక్కువ మొక్కలే.

కరెంటు పోతే?

మే నెలలో మధ్యాహ్నం కరెంటు పోయి ఏసీ ఆగితే గది గంటలో 35 దాటుతుంది, మొక్కలకి కావాల్సింది 25కి అటూ ఇటూ రెండు డిగ్రీలు. మాకు పనికొచ్చిన ఉపాయం ఒకటుంది, పదహారు గంటల వెలుతురుని సాయంత్రం ఐదు నుంచి పొద్దున తొమ్మిది దాకా పెట్టినాం. మొక్కకి పగలేదో రాత్రేదో లైటు చెప్తుంది, సూర్యుడు కాదు. రాత్రి బయట చల్లగా ఉంటుంది, ఏసీకి భారం తగ్గుతుంది, పగలు ఎండ వేళకి లైట్లు ఆరిపోయి ఉంటాయి. ట్యూబులు తీసి ఎల్‌ఈడీ పెట్టినాక వేడి ఇంకా తగ్గింది. ఖర్చులో సగానికి పైన కూలీ, కరెంటే, మందుల ఖర్చు అనుకున్నంత ఉండదు. పలమనేరు, కుప్పం వైపు వాళ్ళు అదృష్టవంతులు, అక్కడ రాత్రులు మాకంటే చల్లన.

సీసాలో పచ్చగా ఉన్న మొక్క బయట పెడితే రెండు రోజుల్లో వాడిపోయింది, ఎందుకు?

అసలు ప్రశ్న ఇది. ఎవరూ ముందు అడగరు, పోయినాక అడుగుతారు.

సీసాలో గాలి నిండా తేమ, చక్కెర నోట్లో పెట్టినట్టు. అందుకని ఆ ఆకుకి మైనం పూత సరిగ్గా ఉండదు, ఆకు రంధ్రాలు మూసుకోవడం నేర్చుకోలేదు, వేరు కూడా జెల్లీ వేరు, మట్టిలో నీళ్ళు తాగడం దానికి రాదు. అట్లాంటి బిడ్డని తీసుకుపోయి రేణిగుంట ఎండలో నిలబెడితే ఏమవుతుంది? నేను మొదటి సంవత్సరం అదే చేసినా. రోహిణి కార్తెలో, మిట్ట మధ్యాహ్నం, ఆర్డర్ తొందరలో నాలుగు వందల సర్పగంధి మొక్కలు సీసాల్లోంచి తీసి ట్రేల్లో పెట్టినా. సాయంత్రం కాఫీ తాగి వచ్చేసరికి ఉడికించిన ఆకుకూర లాగా పడుకున్నాయి, ఒక్కటి లేవలేదు.

ఇప్పుడు చేసేది ఇది. వారం ముందే సీసాలు షేడ్‌లో పెట్టి బయటి వేడికి అలవాటు చేస్తాం, చివరి రెండు రోజులు మూత కొంచెం వదులు చేస్తాం. సాయంత్రం పూట తీసి, వేరుకి అంటిన జెల్లీ మొత్తం గోరువెచ్చని నీళ్ళలో వేలితో మెల్లగా రుద్ది కడుగుతాం, ఒక్క పలుకు మిగిలినా ఆ చక్కెరకి బూజు వస్తుంది. కోకోపీట్‌ని (కొబ్బరి పొట్టు) ముందు రోజు నుంచే మూడు నాలుగు సార్లు కడగాలి, దాంట్లో ఉప్పు ఉంటుంది, కడగకుండా వాడితే ఆకు అంచులు మాడతాయి. ప్రోట్రేలో పెట్టి మీద పాలిథిన్ గుడిసె కట్టి మొదటి వారం తేమ 90 శాతం దగ్గర, తర్వాత రోజుకి కొంచెం కొంచెం తెరుస్తా, నాలుగో వారానికి పూర్తిగా తీసేస్తాం. ఆపైన ఇంకో నెల 50 శాతం షేడ్‌నెట్ కింద మట్టి కవర్లలో. సీసాలో వచ్చిన పాత ఆకులు ఎట్లాగూ రాలిపోతాయి, భయపడద్దు, బయట పుట్టిన కొత్త ఆకు రెండు జతలు వచ్చినాయంటే ఆ మొక్క బతికినట్టే.

ఏ నెలలో మొదలుపెట్టాలి?

వెనక నుంచి లెక్కేసుకోండి. మనకి ఆరుద్ర కార్తె దాటినాక, జూలై, ఆగస్టు హార్డెనింగ్‌కి, అంటే సీసా మొక్కని బయటికి అలవాటు చేయడానికి, మంచిది, ఎండ తగ్గుతుంది, గాలిలో తేమ ఉంటుంది. సెప్టెంబర్‌లో నాటితే అక్టోబర్ వానలకి వేరు పట్టుకుంటుంది. అంటే సీసాల్లో వేర్ల దశ జూన్‌కి సిద్ధం కావాలి, పిలకల పని ముందు సంవత్సరమే మొదలు. నవంబర్‌లో గుడిసెలు తెరవడం నాకు ఇష్టం ఉండదు, ఈశాన్య రుతుపవనాలకి తడి ఆరదు, మొదలు కుళ్ళు వస్తుంది. 2021 నవంబర్ వానలకి తిరుపతి మునిగినప్పుడు మా షేడ్‌నెట్‌లో మోకాటి లోతు నీళ్ళు, ట్రేలు పడవల్లాగా తేలినాయి. అప్పటినుంచి ట్రేలు నేల మీద పెట్టడం మానేసి సిమెంటు ఇటుకల మీద పెడతా ఉన్నాం.

సర్టిఫికెట్ కావాలా? ఎవరు కొంటారు?

టిష్యూ కల్చర్ మొక్కలకి కేంద్ర బయోటెక్నాలజీ విభాగం 2006లో పెట్టిన ధ్రువీకరణ పద్ధతి ఉంది, ల్యాబుకి గుర్తింపు, మొక్కలకి వైరస్ పరీక్ష, రకం సరిగ్గా ఉందా అనే పరీక్ష. మొక్కలు కొనేటప్పుడు ఆ గుర్తింపు ఉందా అని అడగండి. కొనేవాళ్ళ విషయానికి వస్తే, ముందు కొనేవాడిని పట్టుకుని, ఎన్ని కావాలో, ఎండిన వేరు ఎంత తీసుకుంటాడో కాగితం మీద రాయించుకుని అప్పుడు సీసా ముట్టుకోండి. మాకు ఒక కొనుగోలుదారు నోటి మాటగా పదివేల మొక్కలు చెప్పి, సిద్ధమయ్యేసరికి ఫోన్ ఎత్తలేదు. ఊర్లో పంచిపెట్టినాం, ఇప్పటికీ మా వీధిలో ఏ గేటు పక్కన చూసినా సర్పగంధే.

మీ దగ్గర మొక్కలు కొంటే మదనపల్లి దాకా ఎట్లా తీసుకుపోవాలి?

సీసాలతో వద్దు, హార్డెనింగ్ అయిన ట్రేలే తీసుకోండి, రోంత ధర ఎక్కువైనా సరే. బయలుదేరే ముందు రోజు నీళ్ళు పోసి, ఆ రోజు పోయకుండా ఉంటే బరువు తగ్గుతుంది, మొక్క కదలదు. ఓపెన్ ఆటోలో అయితే మీద తడి గోనె కప్పండి, గాలి తగిలితే ఎండకంటే ముందు అదే ఆరబెడుతుంది. కారు డిక్కీలో పెట్టి దారిలో భోజనానికి ఆపద్దు, పోయినసారి ఒకాయన పీలేరులో ఆపి బిర్యానీ తిని వచ్చేసరికి ట్రేలు మూడు పోయినాయి. సాయంత్రం ఐదు తర్వాత రండి, ట్రేలు గేటు దగ్గర పెట్టి ఉంచుతాం, రాత్రికి ఇల్లు చేరతారు, చేరినాక ఆ రాత్రికి షేడ్ కిందే వదిలేసి పొద్దున్నే నీళ్ళు పోయండి.